అమ్మ చార్జి అప్పగించిన రోజు

నేను చెప్పే మాటల్ని మా చుట్టాలు కూరగాయల బేరంలాగ సగానికి సగం తగ్గించి వింటారు. అది తెలిసి నేను ముందే రెట్టింపు చేసి చెప్తుంటాను. నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు టిట్లాగఢ్ దాటాక ఒక పులి గూడ్సు బండి చివరి బ్రేకువ్యాను ఎక్కి, ఆయన డబ్బాలో ఉన్న ఆవపెట్టిన పనసపొట్టు కూర వాసన చూసి, గట్టిగా తుమ్మి, మర్యాదగా దిగిపోయిందని ఇప్పటికీ చెప్తాను. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ల కోసం వేరే కథలు ఉన్నాయి. మనిషిని బట్టి ఒకటి తీస్తాను.

ఇప్పుడు చెప్పేదాంట్లో పులి లేదు. ఉంటే బాగుండేది.

మాది విజయనగరం వైపు. నాన్న గూడ్సు గార్డుగా రాయపూర్ వచ్చి, గూడ్సు గార్డుగానే రాయపూర్‌లో రిటైరయ్యాడు. దేవేంద్ర నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఈ ఊళ్లు ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్న రోజులు. నేనొక ఆఫీసులో గుమాస్తాని, పొద్దున వెళ్తే సాయంత్రం వచ్చేదాన్ని. తమ్ముడు ఉర్లాలో ఇనుప కార్ఖానాలో ఫోర్‌మన్. పెళ్లాం పిల్లలతో కాపురం కూడా అటే. ఇంట్లో పగలంతా అమ్మా నాన్నా, వాళ్లిద్దరే.

నాన్న ముందు మా పేర్లు మర్చిపోయాడు. తర్వాత పెరటి తలుపు ఎటుందో మర్చిపోయాడు. చివరికి రిటైరైన సంగతే మర్చిపోయాడు. పక్కింటావిడ చెయ్యి తిప్పి "సఠియా గయే హైఁ" అనేది. అరవై దాటాక మతి పోవడం జుట్టు నెరవడం లాంటిదేనని ఆవిడ నమ్మకం. మేమూ అదే అనుకున్నాం. జబ్బనే మాట ఎవరి నోటా రాలేదు.

ఒకరోజు కుక్కర్ విజిలేసింది. నాన్న కుర్చీలోంచి తలెత్తాడు.

"డ్రైవరు గారూ, విజిల్ బాగానే ఉంది. లైన్ క్లియర్ రాలేదేం?"

వంటింట్లో అమ్మ గరిటె కింద పెట్టింది. తర్వాత అంది, "వస్తాది గార్డు గారూ. ఈలోగా రెండు ముద్దలు తినీయండి."

ఆయన తినేశాడు. అంతకుముందు పూట పళ్లెం విసిరికొట్టిన మనిషి, బుద్ధిగా కూర్చుని తినేశాడు. ఆ రోజు నుంచి అమ్మ డ్రైవరు, ఆయన గార్డు. ఎక్కడో అడవి మధ్యలో సిగ్నల్ దగ్గర వాళ్ల గూడ్సు బండి ఆగిపోయింది. ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలీదు. పెళ్లయిన దగ్గర్నుంచి "ఇదిగో", "వింటన్నారా" అని తప్ప మొగుణ్ణి పిలవని అమ్మకి, ఆయన్ని పిలవడానికి ఒక పేరు దొరికిందని నేను నవ్వాను. మొదట్లో నవ్వొచ్చేది.

ఇక్కడ గార్డుల నియమం ఒకటి చెప్పాలి. బండి దారి మధ్యలో ఆగిపోయి, ముందున్న డ్రైవరు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, గార్డు ఊరికే కూర్చోకూడదు. ఎర్ర జెండా పట్టుకుని పట్టాల వెంట వెనక్కి నడవాలి. వెనక వచ్చే బండి తన బండిని గుద్దకుండా ఆపాలి. నాన్న పేర్లు మర్చిపోయాడు గానీ ఈ నియమం మర్చిపోలేదు. అమ్మ కంటికి ఆనకపోతే, గొంతు వినపడకపోతే, దండెం మీద ఎర్రగా ఏముంటే అది లాక్కుని వీధిలోకి వెళ్లిపోయేవాడు. ఒకసారి నా జాకెట్టు. ఆటోలకి, స్కూటర్లకి అడ్డంగా చెయ్యి చాపి నిలబడేవాడు. ఆటోవాళ్లు తిట్టేవాళ్లు. ఒక ఆవు మాత్రం నిజంగానే ఆగింది.

దాంతో అమ్మ ఇంటికి అతుక్కుపోయింది. కూరలకి సబ్జీ మండీకి వెళ్లడం మానేసింది. గుడి మానేసింది. స్నానాల గదిలో నీళ్లు పోసుకుంటూ కూడా గట్టిగా మాట్లాడుతూనే ఉండేది. "ఉన్నాను గార్డు గారూ, ఇక్కడే ఉన్నాను, ఇంజను కడుగుతన్నాను." తలుపు వెనకనుంచి ఆ మాటలు వింటుంటే నాకు కథ అల్లబుద్ధి పుట్టేది కాదు.

తమ్ముడు ఆదివారాలు వచ్చేవాడు. కార్ఖానా బూట్లు టకటకలాడించుకుంటూ గుమ్మంలోకి రాగానే నాన్న లేచి నిలబడి చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. ఆయన లెక్కలో వీడు తనిఖీకొచ్చిన రైల్వే ట్రాఫిక్ ఇనస్పెక్టరు.

"ఎలా ఉన్నారు?" అనేవాడు తమ్ముడు.

"అంతా సవ్యంగా ఉంది సార్."

"ఆరోగ్యం?"

"కంప్లైంటు లేదు సార్."

వాడు ఉన్నంతసేపూ నాన్న నిటారుగా కూర్చునేవాడు. కాఫీ ఒలకపోసేవాడు కాదు. వాడు స్కూటర్ ఎక్కాక పంచె తడిసిపోయేది. తమ్ముడికి అది తెలిసేది కాదు. "నాన్న ఏక్‌దమ్ ఫిట్. కాస్త మర్యాద ఎక్కువైంది అంతే. అక్క చెప్పేవన్నీ కోతలు" అని వాళ్లావిడతో అనేవాడట.

అలాంటి రోజుల్లో ఒకావిడ వచ్చింది. భోపాల్ వైపు నుంచి, ఆరోగ్యం మీద పనిచేసే ఎకనమిస్టు. మతి తప్పిన పెద్దవాళ్లని ఇంట్లో పెట్టుకుని చూసుకోవడానికి కుటుంబాలకి ఎంత పడుతోందో తేల్చడం ఆవిడ పరిశోధన. తెలుగిళ్లకి దుబాసి కావాలని మా ఆఫీసులో ఎవరో నా పేరు చెప్పారు. "మాట్లాడ్డానికి ఆవిడని మించినవాళ్లు లేరు" అన్నారట. అది పొగడ్త కాదు, అయినా వెళ్లాను. బక్కగా ఉండే మనిషి, ఎప్పుడూ దుమ్ము కొట్టుకున్న చెప్పులు. రైల్వే క్వార్టర్లలో నాలుగైదు ఇళ్లు తిరిగాక, మా ఇంటికీ వచ్చింది.

అమ్మ కింద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నాన్న కుర్చీలో, అమ్మ కనిపించేలా.

"రోజుకి ఎంతసేపు వీరిని చూసుకుంటారో అడగండి" అంది మేడమ్.

అడిగాను. అమ్మకి కోపం వచ్చింది.

"చూసుకోడం ఏటే? కట్టుకున్నోడు. పరాయోడేటి, గంటల్లెక్కన చూసుకోడానికి?"

"ఏమంటున్నారు?" అంది మేడమ్.

"ఏమీ చెయ్యట్లేదంటోంది."

మేడమ్ నవ్వలేదు. "అందరూ అదే అంటారు" అంది. "అందుకే ఇంకోలా అడుగుతాను. ఈయన బాగుండి ఉంటే, ఈ పని లేకపోతే, ఆ టైములో మీరు ఏం చేసేవారు?"

ఈ ప్రశ్న నేను అప్పటికే మిగతా ఇళ్లలో అడిగి ఉన్నాను. పడుకునేదాన్నని ఒకావిడ, అప్పడాలు చేసి అమ్మేదాన్నని ఒకావిడ చెప్పారు. అమ్మ గుడి పేరు చెప్తుందనుకున్నాను.

అమ్మ బియ్యంలోంచి తల ఎత్తకుండానే అంది, "కళ్లాసుపత్రికెళ్లీదాన్ని."

"ఎందుకూ?"

"కుడికన్ను అవుపడదు కదా. ఎడందానికీ పక్కలంట మసక. ఆవిడకి సెప్పకు, ఊరికే రాసీసుకుంటాది."

నేను చేట వైపు చూశాను. అమ్మ రాళ్లని చూసి ఏరడం లేదు. బియ్యం పల్చగా పరిచి, వేళ్లతో తడిమి ఏరుతోంది. ఒకే ఇంట్లో ఉంటున్నాను. ముగ్గులో చుక్కలు మానేసి అడ్డగీతలు గీస్తుంటే బద్ధకం అనుకున్నాను. టీ పోస్తూ గ్లాసులోకి వేలు పెడుతుంటే చాదస్తం అనుకున్నాను.

"క్యా కహా?" అంది మేడమ్. చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

అమ్మకి లెక్క లేదు. "శుక్లం మేడమ్" అంది, తన మార్కెట్ హిందీలో. "పకా నహీఁ." తర్వాత నాకు తెలుగులో విడమరిచింది. "శుక్లం పండేదాకా ఆగాలి కదేటి. కాయగా ఉన్నప్పుడు కోయరు. మా అమ్మకీ అలగే. పండనీ, ఎల్దాం."

అమ్మ నమ్మింది. నమ్మడం సులువు కూడా. వెళ్లే దారి లేనివాళ్లకి, వెళ్లాల్సిన వేళ ఇంకా రాలేదనుకోవడం ఎంతో సుఖం.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర మేడమ్ అంది, "నేను డాక్టర్ని కాను. కానీ ఆగకండి. మతిపోయినవాళ్లకి ఎంతైందో మందుల షాపు చీటీల్లో వెతుకుతుంటాం మేము. అసలు ఖర్చు అక్కడ ఉండదు. పక్కన కూర్చున్న మనిషి ఒంట్లో ఉంటుంది. ఈ మధ్య ఏ ఇంటికెళ్లినా నేను ముందు ఆ మనిషినే చూస్తున్నాను."

మర్నాడే సెలవు పెట్టాను. రిక్షా పిలిచి, అమ్మని ఒప్పించి, కళ్లాసుపత్రికి ఎక్కించాను. తోడుగా పక్కింటావిడ. నేను లోపలికొచ్చి నాన్న ఎదురుగా కూర్చున్నాను.

"డ్రైవరు గారేరీ?"

"నేనే గార్డు గారూ, డ్రైవర్ని."

నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "ఆడపిల్లవి, నీకు ఇంజను ఎవరిచ్చారు?"

"మరి ఇందాకటి దాకా ఉన్నది ఎవరు?"

"ఆయన సీనియరు" అన్నాడు నాన్న.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఉండగానే ఆయన లేచి, దండెం మీది ఎర్ర తువ్వాలు లాగి, గుమ్మం దాటేశాడు. వెనక పరిగెత్తాను. వీధి చివర ఒక ట్రక్కు కీచుమని ఆగింది. ఆయనకీ దానికీ మధ్య జానెడు దూరం ఉందని చెప్తే సగానికి తగ్గించుకుంటారు, కాబట్టి చెప్పను. ఆ బ్రేకు చప్పుడుకి అమ్మ రిక్షా వెనక్కి తిప్పించేసింది.

"వచ్చేవాడికి చార్జి అప్పగించకుండా డ్రైవరు దిగిపోకూడదు" అని నాన్న అమ్మని మందలించాడు.

"తప్పయిపోయింది గార్డు గారూ" అంది అమ్మ. నా వైపు తిరిగి, "ఇంకోపాలి ఎల్దాంలే" అంది.

తమ్ముడికి ఆఫీసు ఫోన్‌లోంచి చెప్పాను. మసాలా వెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు.

"మొన్న పులి, ఇవాళ ట్రక్కా?" అన్నాడు. "అరే యార్ అక్కా, సండే నేను చూశాను కదా."

"అమ్మకి కన్ను పోతోందిరా."

"అమ్మ నాతో ఏం అనలేదే."

ఆదివారం వచ్చి అమ్మని నా ఎదురుగానే అడిగాడు. అమ్మ కొడుకు ముఖం ఉన్న దిక్కుకి సరిగ్గా తిరిగి నవ్వింది. "ఏట్నేదురా. శుక్లం. అందరికీ వస్తాది. నువ్వు పకోడీలు తిను." వాడు నన్నొక చూపు చూసి పకోడీలు తిన్నాడు. నిజం చప్పగా ఉంటుంది. జీవితంలో ఒక్కసారి చప్పగా వడ్డిస్తే, మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు.

వానలు వచ్చాయి, పోయాయి. అమ్మ గోడ పట్టుకుని నడవడం మొదలెట్టింది. మళ్లీ మేడమ్ రాయపూర్ వచ్చింది, పాత ఇళ్లనే ఇంకోసారి చూడ్డానికి. అమ్మని చూసి నా మీద కోప్పడింది. ఇలా కాదని, ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి నాకు చేతనైన పని చేశాను.

"ఆ మేడమ్ మనింటి గురించి కొడుకు లేడని రాసుకుందిరా."

"ఏంటీ?"

"రోజూ ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. అమ్మ చెప్పింది. అందులో నువ్వు లేవు. మగదిక్కు లేని ఇల్లు అని గవర్నమెంటుకి పంపిస్తుందట."

"నేను చచ్చాననుకుందా ఆవిడ? రేపొస్తున్నా. రోజంతా ఉంటా. వచ్చి చూసుకోమను!"

నిజం అమ్మితే సగం ధర కూడా రాలేదు గానీ, అబద్ధం అడిగినంతకి అమ్ముడుపోయింది.

పొద్దున్నే వచ్చాడు, బూట్లతో సహా. నేను గుమ్మంలోనే బూట్లు విప్పించాను. "ఇవాళ నువ్వు ఇనస్పెక్టరువి కాదు. అమ్మ డ్యూటీ తీసుకునే రిలీవింగ్ డ్రైవరువి. నోరు మూసుకుని అమ్మ చెప్పేది విను." వాడు విసుక్కుంటూ లోపలికొచ్చాడు.

అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. నాన్న కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"గార్డు గారూ, నా డ్యూటీ అయిపోయింది. రిలీవరు వచ్చేడు. చార్జి ఇచ్చీమంటారా?"

నాన్న లేచాడు. ఆ రోజు ఆయన కళ్లలో చాలాకాలంగా లేని తేట ఉంది. "ఇవ్వండి. నా ముందే చెప్పండి. బండి సంగతి అంతా చెప్పాలి."

అమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "రొట్టి పాలల్లో తడిపి పెట్టాలి, నేకపోతే గొంతుకి అడ్డం పడతాది. మాత్ర బెల్లం ముక్కలో పెట్టి ఇయ్యాలి. ఒంటేలుకి అడగడు. నేచి గోడకేసి చూస్తే అదే గుర్తు, సెయ్యి పట్టుకు తీసుకెళ్లాలి. కోపమొస్తే ఎదురు సెప్పకూడదు. ఏడుపొస్తే ఎందుకని అడక్కూడదు, పక్కన కూకోవాలి. పడుకున్నా సెయ్యి వదల్రాదు, వదిలితే తెలిసిపోతాది. మాటాడతానే ఉండాలి. ఏదో ఒకటి."

తమ్ముడి ముఖంలో విసుగు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. వాడు అమ్మనే చూస్తున్నాడు.

నాన్న అంతా విన్నాడు, బండి బరువూ బ్రేకుల సంగతీ వింటున్నట్టు తల ఊపుతూ. విని, అమ్మకి సెల్యూట్ లాంటిది పెట్టాడు.

"సరే డ్రైవరు గారూ. దిగండి. ఇంటికెళ్లి పడుకోండి. చాలా ఎక్కువ గంటలు చేశారు మీరు."

చూసుకోవడం ఏటి అని కసిరిన మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో, గుమ్మం దాకా నడిచి, గోడకి ఆనుకుని కాసేపు నిలబడిపోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

రిక్షాలో అమ్మ ఎండకి కళ్లు మూసుకుంది. దారిలో కొత్తగా వచ్చిన షాపులన్నీ చెప్పుకుంటూ పోయాను. లేనివి కూడా కొన్ని చెప్పాను. "ఎంత మారిపోనాదో ఊరు" అంది.

కళ్ల డాక్టరు చాలాసేపు చూశాడు. లైటు మార్చాడు, యంత్రం మార్చాడు. చివరికి నన్ను పక్కకి పిలవబోతే, "నా కన్నే కదా బాబూ, నా ముందే సెప్పు" అంది అమ్మ, హిందీలో.

అది శుక్లం కాదు. నీటికాసులు. పండేది కాదు, కోసి తీసేది కాదు. లోపల నరాన్ని నొక్కి నొక్కి చంపేస్తుంది. కుడికన్ను నరం చచ్చిపోయి చాలా రోజులైంది, ఇక రాదు. ఎడమదాంట్లో మధ్యలో కొంచెం మిగిలింది. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలంటే బతికున్నంతకాలం పూట తప్పకుండా చుక్కలు వేయాలి, నెలనెలా వచ్చి చూపించుకోవాలి.

"పోయిన ఏడాది వచ్చి ఉంటే?" అన్నాను.

ఆయన చీటీ రాయడం మొదలెట్టాడు. అమ్మే చెప్పింది, "పోనేడాది ఎలాగొస్తాను, మీ నాన్న బండి ఆగిపోయుంటే."

తిరిగొచ్చేసరికి మా వీధి మొదట్లో నలుగురు నిలబడి నవ్వుతున్నారు. మధ్యలో మా తమ్ముడు. ఉర్లాలో అంతమంది చేత పనిచేయించే ఫోర్‌మన్, చొక్కా నిండా పప్పుతో, ఉత్త కాళ్లతో, ఎర్ర తువ్వాలు చాపి ఆటోల్ని ఆపుతున్నాడు. గేటులోంచి నాన్న "ఇంకా వెనక్కి! ఇంకా వెనక్కి వెళ్లండి!" అని ఆర్డర్లు వేస్తున్నాడు.

"ఆయన్ని వీధిలోకి రానివ్వకుండా ఉండాలంటే నేనే రావల్సొచ్చింది" అన్నాడు తమ్ముడు, మమ్మల్ని చూసి. గొంతు బొంగురుపోయింది. "అక్కా, మాటలు అయిపోయాయి నా దగ్గర. అన్నీ చెప్పేశాను. కార్ఖానా సంగతులు, సినిమా కథలు. అమ్మ రోజూ ఏం మాట్లాడుతుంది?"

నేను కన్ను సంగతి చెప్పాను. వాడు తువ్వాలు మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు. "నువ్వు ఫోన్ చేసినప్పుడు..." అని ఆపేశాడు. మిగతాది అననివ్వకుండా తువ్వాలు వాడి చేతిలోంచి తీసుకున్నాను.

అమ్మ అప్పటికే గోడ పట్టుకుని లోపలికెళ్లింది. "గార్డు గారూ, తిన్నారా?" అని పిలుస్తోంది.

నాన్న కుర్చీలోంచి లేచి, పరాయి ఆడవాళ్ల ఎదుట నిలబడినట్టు ఒద్దికగా నిలబడ్డాడు.

"ఎవరమ్మా మీరు?"

"నేనే. డ్రైవర్ని."

నాన్న మొహమాటంగా నవ్వి, వెనకాలే వచ్చిన తమ్ముడి వైపు తిరిగాడు. "డ్రైవరు గారూ, ఈవిడెవరు? గూడ్సులో ప్యాసింజర్లని ఎక్కించకూడదని మీకు తెలీదా?"

నియమం నియమమే. పద్ధతిగా చార్జి ఇచ్చి దిగిపోయిన డ్రైవరు ఆ బండిలో ఇంక ఎవరూ కాదు. నేను పెట్టిన నాటకం అంత బాగా నడిచింది.

తమ్ముడు నా వైపు చూశాడు. నా నోట్లోంచి ఒక్క కథ రాలేదు. పుట్టి బుద్ధెరిగాక కల్పించి ఒక్క ముక్క చెప్పని వాడే చివరికి అన్నాడు, "స్టాఫ్ ఫ్యామిలీ సార్. ముందు స్టేషన్‌లో దిగిపోతారు."

"అలాగా. అయితే కూర్చోమనండి పాపం. కుదుపులుంటాయి, జాగ్రత్త" అన్నాడు నాన్న.

అమ్మ వెనక గదిలో మంచం అంచున కూర్చుంది. బండి కుదుపులకి పడిపోతానేమో అన్నట్టు పట్టె పట్టుకుని.

తర్వాత తమ్ముడు సామాను తెచ్చుకుని మా ఇంటికే వచ్చేశాడు. వాడు కార్ఖానాకి వెళ్లిన వేళ మరదలి అన్న వచ్చి డ్రైవరుగా కూర్చునేవాడు, చార్జి పద్ధతిగా ఇచ్చిపుచ్చుకుంటూ. అమ్మకి బోలెడంత తీరిక. నెలనెలా కళ్లాసుపత్రి, కావాలంటే గుడి. అమ్మ గుడికి వెళ్లలేదు. నాన్న ఉన్న గదిలోకి ఎప్పుడైనా వెళ్తే ఆయన లేచి నిలబడిపోతున్నాడని, అదీ మానేసింది.

చుక్కలు వేయడం నా వంతు. మొదటి వారంలోనే అనుకుంటాను, ఒక సాయంత్రం అమ్మ తల నా ఒళ్లో పెట్టుకుని ఎడమ కంట్లో మందు వేస్తున్నాను. ముందు గదిలోంచి నాన్న గొంతు వినిపించింది.

"డ్రైవరు గారూ! ఉన్నారా?"

అమ్మ నోరు తెరిచింది.

"ఉన్నాను గార్డు గారూ, ఇక్కడే ఉన్నాను" అన్నాడు తమ్ముడు, ఆ గదిలోంచే.

అమ్మ నోరు మూసుకుంది. "కదలకమ్మా, మందు కారిపోతోంది" అన్నాను. సీసా వంచి ఇంకో చుక్క వేశాను.